అగడ్తకి లాకులు గీసే పిల్లల కోసం

చిరంజీవి అమ్మాయికి, మాస్టారి ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ ఏడు అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ చదివించాలనుకుంటున్నాననీ, అందులో కష్టమైన మాటలకి వాళ్ల చేతే బొమ్మలు గీయించాలని ఉందనీ రాశావు. ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను ఇష్టంగా చేసిన పని ఇదే. కాబట్టి ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నవల గురించి. కథ ఓరుగల్లు వైపుదే అయినా మన పిల్లలకి పరాయిది కాదు. రాసినాయన 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రి కాలేజీలో చదువుకునేటప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన్నీ దామెర్ల రామారావుగారినీ చేరదీసి చిత్రకళ వైపు తిప్పారు. కథలోని రుద్రమదేవి పెళ్లాడిన వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుల పిల్లవాడు. ‘రుద్రమ్మ అత్తవారిల్లు నిడదవోలు’ అని క్లాసులో ఒక్కసారి చెప్పి చూడు, వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. ఆ రైల్వేస్టేషన్ తెలియని పిల్లవాడు మన వైపు ఉండడు కదా.

ఇక అసలు సంగతి. బొమ్మ గీయించడం పాఠానికి అలంకారం అనుకోకు. గోడ నిండా రంగురంగుల చార్టులు అంటించి, తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించే పని కాదు ఇది. పిల్లవాడు ఒక మాటని ఎలా అర్థం చేసుకున్నాడో మనకి కనబడటానికి బొమ్మ కావాలి. అర్థం అప్పజెప్పించుకుంటే అది కనబడదు. ‘అగడ్త అంటే కోట చుట్టూ ఉండే కందకం’ అని తడుముకోకుండా చెబుతాడు. కందకం అంటే వాడి మనసులో ఏముందో నీకు తెలీదు, వాడికీ తెలీదు. కాగితం ఇచ్చి గీయమను. అప్పుడు బయటపడుతుంది.

మన కోనసీమ పిల్లలకి అగడ్త గీయమంటే పంటకాలువ గీస్తారు. రెండు వైపులా గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, ఒక చివర నీళ్లు ఆపి వదిలే లాకులు, అవతలికి దాటడానికి సిమెంటు వంతెన. నవ్వొద్దు, కొట్టెయ్యొద్దు. ఆ పిల్లవాడు తనకి తెలిసిన నీళ్లతో తెలియని నీళ్లని ఊహించాడు. అంతకంటే మంచి మొదలు ఉండదు. ఆ బొమ్మని పట్టుకునే అడుగు: ఈ కాలువలో నీళ్లు ఎక్కడికి వెళుతున్నాయిరా? పొలానికి. మరి అగడ్త నీళ్లు ఎక్కడికి వెళ్లాలి? ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. శత్రువు వస్తుంటే ఈ వంతెన ఏం చేస్తారు? లాకులెందుకు? గట్టు ఏ వైపు ఎత్తుగా ఉంటే కోటలోవాళ్లకి లాభం? ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీళ్లని చివరి పొలం దాకా చేర్చడానికి తవ్వినది. అగడ్త మనిషిని ఆపడానికి తవ్వినది. ఈ తేడా పిల్లవాడు తనంతట తనే చెప్పాక, రబ్బరు తీసుకుని లాకులు చెరిపేస్తాడు. ఆ మాట ఇక మరిచిపోడు. ఓరుగల్లులో రాతికోటా, దాని బయట మట్టికోటా, వాటిని చుట్టి అగడ్తలూ ఉన్నాయని ఆ తర్వాత చెప్పు. ముందు చెబితే అది మరో సమాచారం మాత్రమే అవుతుంది.

అందుకే మొదటి బొమ్మకి ముందు అర్థం చెప్పొద్దు. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకో. టీచర్లుగా మనకి చెప్పెయ్యాలని నోరు ఊరుతుంది. ఆపుకోవాలి. వాక్యం చదివి వినిపించు, దాని ముందూ వెనకా రెండు మూడు వాక్యాలు కూడా చదువు, తర్వాత గీయమను.

ఏ మాటలు ఎంచుకోవాలి అన్నది నువ్వు అడగలేదు గానీ, పని చెడినా బాగుపడినా అక్కడే. బాపిరాజుగారిది వర్ణన ఎక్కువ ఉన్న శైలి. ఒక్కో పేజీలో పిల్లలకి తెలియని మాటలు చాలానే తగులుతాయి. అన్నిటికీ బొమ్మలంటే నవల ఆగిపోతుంది, కథ మీద ఇష్టం పోతుంది. అధ్యాయానికి ఆరేడు మాటలు చాలు. అది తెలియకపోతే కథ నడవదు అన్న మాటనే తీసుకో. ‘సామంతుడు’ తెలియకపోతే ఎవరు ఎవరి మీద ఎందుకు తిరగబడుతున్నారో అర్థం కాదు, కాబట్టి అది కావాలి. ఒక తోటని వర్ణిస్తూ వరసగా పదిరకాల పూలపేర్లు వస్తే వాటిని వదిలెయ్. ‘పూలు’ అని అర్థమైతే చాలు, కథ సాగుతుంది. పూలంటే ఇష్టమున్న అమ్మాయి ఎవరైనా ఉంటే తనే వెతుక్కుంటుంది.

ఇంకో రకం మాటలున్నాయి, వాటిని మాత్రం అస్సలు వదలొద్దు. పిల్లలు తెలుసు అనుకుని తప్పుగా తెలుసుకున్న మాటలు. ఇవి తెలియని మాటల కంటే ప్రమాదం, ఎందుకంటే చెయ్యెత్తి అడగరు. ‘శాసనం’ అనగానే శాసనసభ గుర్తొస్తుంది, మైకులూ కుర్చీలూ గీస్తారు. ‘మహామండలేశ్వరుడు’ అంటే పెద్ద సామంతుడు కాదు, మండలాఫీసులో పెద్దాయన. ‘దండనాయకుడు’ అంటే సేనాపతి కాదు, మెళ్లో దండ వేసుకున్న నాయకుడు. ‘కంచుకి’కీ ‘కంచుకం’కీ తేడా తెలియక, రాణివాసంలో తిరిగే ముసలాయన బదులు రవిక గీసినవాళ్లున్నారు. చారిత్రక నవలల్లో ‘పుట్టి’ అని వస్తే ధాన్యం కొలత అనుకోకుండా నది దాటే గుండ్రటి పడవ గీస్తారు. అదీ పుట్టే, ఈ వాక్యంలో కాదు. ఇవన్నీ నోటితో అర్థం అడిగితే ఎప్పటికీ బయటికి రానివి. బొమ్మలో మొదటి నిమిషంలోనే తెలిసిపోతాయి. కాబట్టి నువ్వు అధ్యాయం ముందుగా చదువుకునేటప్పుడు, ‘దీన్ని మా పిల్లలు ఇంకోలా వింటారేమో’ అనిపించిన ప్రతి మాట కిందా గీత పెట్టుకో.

పీరియడ్ ఎలా నడపాలంటే, మొదటి పది నిమిషాలు నువ్వే చదువు. గట్టిగా, కథ చెప్పినట్టు. పెళ్లిపందిట్లోంచి పెళ్లికొడుకును ఎత్తుకుపోయే ఘట్టం ఉంది చూడు, అది చదివేటప్పుడు క్లాసంతా ఊపిరి బిగబట్టాలి. తర్వాత నల్లబల్ల మీద ఆ రోజు మాటలు రాయి. ఇద్దరిద్దరిని జతలు చెయ్యి. జతకి ఒకటే మాట. ఒకళ్లు పెన్సిల్ పట్టుకోవాలి, రెండోవాళ్లు పుస్తకం పట్టుకోవాలి. పుస్తకం పట్టుకున్నవాళ్ల పని కీలకం. గీస్తున్నదాన్ని వాక్యంతో సరిచూస్తూ, ‘ఇక్కడ రాత్రి అని ఉందే, నువ్వు సూర్యుణ్ణి పెట్టావేంటి’ అని ఆపాలి. మర్నాడు వాళ్ల పనులు మారతాయి. ఈ జత పద్ధతి లేకపోతే ఏమవుతుందంటే, క్లాసులో బాగా గీసేవాడు ఒక్కడుంటాడు, అందరి బొమ్మలూ వాడే గీసి పెడతాడు. వాడికి బొమ్మలు వస్తాయి, మిగతావాళ్లకి మాటలు రావు.

గీయడానికి పది పన్నెండు నిమిషాలు చాలు. ఎక్కువిస్తే షేడింగులూ పూలబోర్డర్లూ మొదలవుతాయి. రంగులు మొదట్లో వద్దే వద్దు. బొమ్మ కింద ఆ నవలా వాక్యం రాయాలి, మాట ఉన్నచోట మాత్రం గీత గీసి ఖాళీ వదలాలి. అప్పుడు బొమ్మ పట్టుకుని నిలబడితే మిగతా క్లాసు ఆ ఖాళీలో ఏ మాటో చెప్పాలి. చెప్పలేకపోతే బొమ్మలో ఏదో తక్కువైంది. ఏం తక్కువైందో పిల్లలే చెబుతారు, నువ్వు చెప్పే కంటే బాగా చెబుతారు. ‘వాడు వేగులవాడైతే అలా ఎదురుగా నుంచున్నాడేంటి, ఎవరికీ కనబడకూడదు కదా’ అంటారు. అంతే, వేగు అన్న మాట ముప్పై మందికీ వచ్చేసింది. బొమ్మని సరిదిద్దే అవకాశం ఇచ్చి, వెనకవైపు ఆ మాటతో వాళ్ల సొంత వాక్యం ఒకటి రాయించు. ఆ వాక్యంలో రాజులూ కోటలూ ఉండక్కర్లేదు. ‘మా తమ్ముడు ఇంట్లో అమ్మకి వేగు’ అని రాస్తే నూటికి నూరు మార్కులు వెయ్యి.

ఆ తర్వాత నిఘంటువు. ముందు కాదు. మీ లైబ్రరీలో శబ్దరత్నాకరమో సూర్యరాయాంధ్ర నిఘంటువో ఉందేమో చూడు. సూర్యరాయాంధ్ర మనవాళ్ల పనే, పిఠాపురం రాజావారి ఆదరంతో వచ్చింది. పుస్తకాలు లేకపోతే ఫోన్‌లో ‘ఆంధ్రభారతి’ తెరిస్తే పాత నిఘంటువులు ఒకచోటే దొరుకుతాయి. తమ బొమ్మ సరైందో కాదో తేల్చుకోవడానికి పిల్లలు నిఘంటువు తెరుస్తారు చూడు, అప్పుడు అందులోని ప్రతి అర్థమూ శ్రద్ధగా చదువుతారు. ఊరికే తెరవమంటే మొదటి అర్థం కాపీ కొట్టి మూసేస్తారు.

వస్తువుల పేర్లకి బొమ్మ తేలిక. కానీ మన పిల్లలకి ఒక ఇబ్బంది ఉంది. డెల్టా అంతా ఒండ్రుమట్టి. కొండలేదు, బండలేదు, కోటలేదు. బురుజు, ప్రాకారం, దిడ్డిగుమ్మం చూసిన పిల్లలు ఉండరు. రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర బస్సు దిగినవాళ్లు ఉంటారు గానీ అక్కడ కోట ఉండేదన్న ఆలోచనే వచ్చి ఉండదు. ఆ పేరు మీదే ఒక పూట మాట్లాడు. నీళ్ల విషయానికొస్తే మాత్రం మనవాళ్లకి ఎదురులేదు. రేవు, నావ, తెరచాప, చుక్కాని, గెడ ఇవేవీ చెప్పక్కర్లేదు, నీకే నేర్పుతారు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు మోటుపల్లి రేవుకొచ్చే ఓడవర్తకులకి అభయశాసనం ఇచ్చాడని చెప్పి, 1244 నాటి ఆ రేవుని గీయమను. సుంకం, వర్తకుడు, సరుకు, అభయం అన్నీ ఒకే బొమ్మలో వచ్చేస్తాయి.

రాజుల కాలంనాటి సామాను ఇప్పటికీ వాడుకలో ఉన్న చోటు ఒకటుంది, గుడి. పల్లకి, గొడుగు, వింజామర, ధ్వజం, తోరణం, మండపం, ప్రాకారం అన్నీ అక్కడే ఉన్నాయి. నవలలో ‘ఛత్రచామరాలు’ అని వచ్చినప్పుడు పుస్తకం మూసి, వాళ్ల ఊరి గుళ్లో స్వామివారి ఊరేగింపు గుర్తుచేసుకోమను. అంతర్వేది కల్యాణానికి వెళ్లొచ్చిన పిల్లలు ఎలాగూ ఉంటారు. వీలుంటే ఒకసారి ద్రాక్షారామం తీసుకెళ్లు. భీమేశ్వరుడి గుడిలో రాతి మీద వందల శాసనాలున్నాయి. శాసనం అంటే మైకులు గీసిన పిల్లవాడు ఆ అక్షరాల మీద వేళ్లు పెట్టి తడమాలి. అక్కడే కూర్చోబెట్టి గీయించు, ఇంటికొచ్చాక కాదు. బిక్కవోలు గుళ్ల మీది శిల్పాలైతే తూర్పు చాళుక్యుల కాలానివి, నగలూ కట్టూబొట్టూ ఎలా ఉండేవో చూసుకోవచ్చు. కాకతీయుల కాలం వేరు, వాళ్ల శిల్పాలకి రామప్ప గుడి ఫొటోలు చూపించు. ఏది ఎవరి కాలానిదో మాత్రం పిల్లలకి స్పష్టంగా చెప్పు, కలిపెయ్యొద్దు.

కొలతలకి గుడి కంటే ఇల్లు మేలు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని అప్పజెప్పించడం కంటే, ‘మీ తాతయ్యని అడిగి మీ ఇంట్లో కుంచం ఉంటే గీసుకురండి’ అని పంపించు. వరి పండించే ఊళ్లు మనవి, అటకల మీద ఇంకా దొరుకుతాయి. జాము, ఘడియ లాంటి కాలం మాటలకి గుండ్రంగా రోజుని గీయించి ఎనిమిది ముక్కలు చేయించు. ముక్కకి మూడు గంటలు, అది జాము. ‘రెండోజాము రాత్రి’ ఎక్కడ పడుతుందో వాళ్లనే నల్లరంగు వేయమను. దాడులూ వేగులూ అన్నీ ఆ నల్లముక్కలోనే ఎందుకు జరుగుతాయో వాళ్లే చెబుతారు.

ఇప్పుడు కష్టమైన చోటుకి వస్తున్నాను. సామంతుడు, విధేయత, ధిక్కారం, సంధి, శరణు, వారసత్వం. వీటికి బొమ్మ ఎలా గీస్తారు మాస్టారూ అని నువ్వు అడుగుతావని తెలుసు. చాలామంది ఈ మాటల దగ్గరే బొమ్మల పద్ధతి వదిలేసి అర్థాలు రాయించేస్తారు. నాకు మాత్రం బొమ్మ బలం తెలిసింది వీటి దగ్గరే.

సామంతుడు ఒక్కడుగా నిలబడితే సామంతుడని తెలీదు. కిరీటం ఉంది, గుర్రం ఉంది, రాజులాగే ఉంటాడు. ఇంకొకళ్ల పక్కన నిలబెట్టాలి. కాబట్టి ఇలాంటి మాటలకి కాగితాన్ని మూడు గళ్లు చేయించు. మొదటి గడిలో పై రాజు కొలువు, సామంతుడు కానుకల పళ్లెం పట్టుకుని ఉన్నాడు. రెండోదానిలో పై రాజుకి యుద్ధం వచ్చింది, సామంతుడు తన సైన్యంతో వచ్చి నిలబడ్డాడు. మూడోదానిలో సామంతుడు తన ఊళ్లో తను సింహాసనం మీద కూర్చుని తీర్పు చెబుతున్నాడు. ఈ మూడు గళ్లూ గీసిన పిల్లకి కప్పం, సైనిక సాయం, స్థానిక అధికారం మూడూ తెలిసిపోయాయి. సోషల్ టీచరు వారం పాటు చెప్పాల్సిన పాఠం అది. ఇప్పుడు నాలుగో గడి వేసి, అందులో పళ్లెం ఖాళీగా ఉందనో, సైన్యం వెనక్కి తిరిగిందనో గీయమను. దాని కింద ‘ధిక్కారం’ అని నువ్వు రాయి. ఒక ఆడదానికి మేం తలవంచడమేమిటని సామంతులు రుద్రమదేవి మీద ఎందుకు తిరగబడ్డారో, గన్నారెడ్డి ఎవరి పక్షాన నిలబడ్డాడో ఆ నాలుగు గళ్లతోనే అర్థమవుతుంది. కాకతీయులు కూడా మొదట్లో కళ్యాణి చాళుక్యులకి సామంతులేనని, 1163 నాటికి స్వతంత్రులయ్యారని అప్పుడు చెబితే, ‘అయితే వాళ్లూ పళ్లెం ఖాళీ చేశారన్నమాట’ అంటారు. అనిపించాలి.

సమాసాలకి కూడా బొమ్మ అద్భుతంగా పనిచేస్తుంది. రుద్రమదేవికి ‘రాయగజకేసరి’ అని బిరుదు. విగ్రహవాక్యం చెప్పమంటే క్లాసు మూగబోతుంది. గీయమను. ఒకడు ఏనుగు గీస్తాడు, ఒకడు సింహం గీస్తాడు, ఒకడు రాజుని గీసి వదిలేస్తాడు. మూడు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి, ఇవి మూడూ ఒకే బొమ్మలో ఎలా ఇముడుతాయో ఆలోచించమను. కాసేపటికి కిరీటాలు పెట్టుకున్న ఏనుగుల మీదికి దూకుతున్న సింహం వస్తుంది. రాజులనే ఏనుగులకి సింహం. రూపకం అన్న పేరు అప్పుడు చెప్పు, ఆ పేరు వాళ్లకి అవసరమైన క్షణంలో.

రుద్రమదేవి వేషం దగ్గర కూడా ఆగు. మగవేషంలో రుద్రదేవుడిగా పెరిగిన అమ్మాయిని ఎలా గీయాలి? మీసం పెట్టాలా? నవల ఏం చెబుతోంది, ఎవరికి నిజం తెలుసు, ఎవరికి తెలీదు అని పిల్లలు పుస్తకం తిరగేస్తారు. ఆడపిల్లలు ఈ బొమ్మని ఎంత గంభీరంగా గీస్తారో చూస్తావు. తొందరపెట్టకు. అవసరమైతే రెండు పీరియడ్లు ఇవ్వు.

ఫోన్ల సంగతి. ఇంట్లో గీసుకురమ్మని పంపితే మర్నాడు అన్నీ ఒకేలా వస్తాయి, ఎందుకంటే అందరూ ఒకే ఫొటో వెతికి దించుతారు. రుద్రమదేవి మీద 2015లో సినిమా వచ్చింది కాబట్టి గన్నారెడ్డి అంటే పిల్లల కళ్లకి ఆ హీరోనే. సినిమా చూడొద్దని చెప్పక్కర్లేదు. మొదటి బొమ్మ మాత్రం క్లాసులో, నీ కళ్ల ముందు, వాక్యం చూసి గీయాలి. అది అయ్యాక సినిమా బొమ్మ తెచ్చుకోమను, తమ బొమ్మ పక్కన పెట్టుకుని నవలకి ఏది దగ్గరో వాదించమను. కంప్యూటర్ చేత బొమ్మలు వేయించడం కూడా ఇప్పుడు వచ్చేసింది. దాన్నీ ఆ చివర్లోనే రానివ్వు. యంత్రం గీసిన అగడ్తలో తప్పేమిటో పట్టుకునే పిల్లవాడికి అగడ్త వచ్చినట్టే.

‘నాకు బొమ్మలు రావు’ అని ఏడ్చే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. మొదటిరోజే నువ్వు బల్ల మీద పుల్లబొమ్మ గీసి చూపించు, గుండ్రం తల, గీతల కాళ్లు చేతులు. దానికో ఈటె ఇస్తే సైనికుడు, తల మీద మూట పెడితే వర్తకుడు, మోకాళ్ల మీద కూలేస్తే శరణు. అందానికి ఒక్క మార్కు కూడా వెయ్యొద్దు. మార్కులు వాక్యంతో బొమ్మ సరిపోయినందుకే. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో అచ్చేసిన పరిశోధనలో, మాటని రాసుకున్నవాళ్ల కంటే బొమ్మగా గీసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుందని తేలింది. నాలుగు సెకన్లలో గీసినా ఫలితం కనిపించింది, బొమ్మ బాగుండటానికీ గుర్తుండటానికీ సంబంధం లేదు. మీ హెడ్మాస్టారు తెలుగు పీరియడ్లో డ్రాయింగేమిటని అడిగితే ఈ సంగతి చెప్పు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది కాబట్టి దాని కింద చూపించుకోవచ్చు, విడిగా టైము అడగక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు. పాతకాలపు నవలల్లో మనుషుల పేర్లు హెచ్చుతగ్గులతో వస్తాయి. పల్లకీ మోసే బోయీలు, దాసీలు, ఆటవికులు. పిల్లలు గీసేటప్పుడు క్లాసులోని ఫలానా పిల్లవాడిలా ఉన్నాడని అనడం మొదలుపెడతారు, కులం పేరు తెచ్చి నవ్వుతారు. ఆ నవ్వు మొదలుకాక ముందే నువ్వు అడ్డుపడాలి. పల్లకీలో కూర్చున్నవాళ్లకే మొహం గీసి, మోసేవాళ్లని గీతలుగా వదిలేసిన బొమ్మ నీ దగ్గరకి తప్పకుండా వస్తుంది. ‘వీళ్లకీ మొహాలు గీయి, ఎండలో మోస్తే ఎలా ఉంటాయో ఆలోచించి గీయి’ అను. భుజం మీద కర్ర ఆనిన చోట ఏమవుతుందో అడుగు. ‘బోయీ’ అన్న మాట అర్థం అప్పుడు పూర్తిగా వస్తుంది. క్లాసులో ఏ పిల్లవాడినీ నమూనాగా నిలబెట్టొద్దు, సేవకుల పాత్రలకైతే అసలే వద్దు.

గీసిన బొమ్మలు గోడమీద ఉంచేస్తే వారంలో పిల్లల కళ్లకి గోడలో భాగమైపోతాయి. దించి ఒక పెట్టెలో పెట్టు. రెండు వారాల తర్వాత అధ్యాయం మొదలుపెట్టే ముందు నాలుగు పాతబొమ్మలు తీసి, కింది వాక్యం కనబడకుండా మూసి, మాట అడుగు. నెల తర్వాత మళ్లీ. కొత్త అధ్యాయంలో అదే మాట ఇంకోచోట వచ్చినప్పుడు పాతబొమ్మ తీసి, ఇక్కడికి సరిపోతుందా మార్చాలా అని అడగడం ఇంకా మంచిది. పరీక్షలో ‘సొంతవాక్యాలు రాయండి’ దగ్గర తేడా నీకే కనిపిస్తుంది. ప్రతి మాటకీ ‘చాలా ముఖ్యమైనది’ అని తోక తగిలించే వాక్యాలు తగ్గిపోతాయి.

కాగితాలకి డబ్బు పెట్టకు. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లగా, మందంగా ఉంటుంది, పెన్సిల్ బాగా పడుతుంది. నాలుగు ముక్కలు చేస్తే బొమ్మకి సరైన కొలత. వానాకాలం మన గదుల్లో తేమకి కాగితాలు మెత్తబడి బూజు పడతాయి, కాబట్టి గోడకి అంటించే బదులు పురికొస కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదియ్యి. ప్లాస్టిక్ కవరు వెయ్యొద్దు, వేస్తే మళ్లీ దిద్దుకోలేరు. నా దగ్గర రెండు కట్టల క్యాలెండర్లు ఉన్నాయి, అమలాపురం వచ్చేవాళ్లెవరి చేతైనా పంపిస్తాను.

మొదటి మూడు అధ్యాయాలకి నువ్వు ఎంచుకున్న మాటల పట్టీ రాసి పంపు. ఎక్కువున్నాయనిపిస్తే కొన్ని కొట్టేస్తాను, ఏమీ అనుకోకు. పిల్లలు తప్పుగా వింటారని నీకు అనుమానం ఉన్న మాటలకి పక్కన చుక్క పెట్టు. బళ్లు తెరిచేలోపు జవాబు రాస్తాను.

ఇట్లు
మీ మాస్టారు